మా దగ్గర డాబ్సోనియన్ కొన్నవాళ్ళకు: ఆ ఎర్రచుక్క ఫైండర్ మార్చి ఇస్తాను

పోయిన ఉగాది నుంచి మొన్న సంక్రాంతి దాకా తిరుపతిలోని మా షాపులో ఎనిమిది అంగుళాల అద్దమున్న డాబ్సోనియన్ టెలిస్కోప్ కొన్న ప్రతి ఒక్కరికీ నేనొక కిట్టు అంటగట్టాను. ఎర్రచుక్క ఫైండర్ (స్కోపును గురిపెట్టడానికి ట్యూబు మీద బిగించేది), లేజర్ కొలిమేటర్ (స్కోపు అద్దాలను ఒకే వరసలోకి తెచ్చేది), 4 మి.మీ. ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం), రంగు ఫిల్టర్ల డబ్బా. అంటగట్టాను అని కావాలనే రాస్తున్నాను. నిజం చెప్పాలంటే టెలిస్కోప్ మీద కంటే ఆ కిట్టు మీదే నాకు ఎక్కువ మిగులుతుంది. అలాగని పనికిరాదని తెలిసి అమ్మలేదు. ఎర్రచుక్క ఫైండర్ మంచి వస్తువనే నమ్మాను, నేనూ అదే వాడాను. పొరపాటు ఎక్కడ జరిగిందో ఒక మిద్దె మీద తెలిసింది.

బైరాగిపట్టెడలో ఉండే రిటైర్డ్ లెక్కల సారు ఒకాయన ఫోన్ చేశారు. "చంద్రుడు, గురుడు తప్ప ఇంకేమీ దొరకడం లేదు నాయనా, ఒకసారి వచ్చి చూసిపో" అని. సాయంత్రం ఏడింటికి వెళ్ళాను. ఆండ్రోమెడా గెలాక్సీ చూపిద్దామనుకున్నాను. దానికి దారి తేలిక: మీరాక్ అనే నక్షత్రం దగ్గర మొదలుపెట్టి, అక్కడి నుంచి ఒక చిన్న నక్షత్రం, దాని పైన ఇంకో చిన్న నక్షత్రం, ఆ పక్కనే గెలాక్సీ. మీరాక్ రెండో తరగతి వెలుగు (అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది) కాబట్టి కనిపించింది. రెండోది దాదాపు నాలుగో తరగతి, అనుమానంగా ఉంది. మూడోది నాలుగున్నర, అది లేనే లేదు. పక్క సందులో కల్యాణ మండపం ఫ్లడ్ లైట్లు, ఉత్తరాన ఘాట్ రోడ్డు దీపాల బారు, కొండ మీద మబ్బుకు పట్టిన పసుపు వెలుగు. నేను ఫైండర్ అద్దంలో ఎర్రచుక్కను అటూ ఇటూ తిప్పుతుంటే సారు కుర్చీలోంచే అన్నారు: "చుక్క కనిపిస్తే కదా నాయనా, దాని మీద చుక్క పెట్టేది!"

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే నేను ఈ ఫైండర్‌ను పరీక్షించింది పాకాల అవతల మా మామగారి మామిడితోటలో. అక్కడ ఆ మూడో నక్షత్రం మామూలు కంటికే కనిపిస్తుంది. ఎర్రచుక్క ఫైండర్ దేన్నీ పెద్దదిగా చూపదు, వెలుగును పోగు చేయదు. మీ కంటికి కనిపించే ఆకాశం మీద ఒక గుర్తు పెడుతుంది, అంతే. తోటలో అది చాలు. మీలో ఎక్కువ మంది స్కోపు పెట్టేది కొర్లగుంటలోనో భవానీనగర్‌లోనో మిద్దె మీద. నా తోటకు సరిపడే ఫైండర్ మీ మిద్దెకు అమ్మాను.

మర్నాడు నా సొంత 8×50 ఫైండర్ పట్టుకుని మళ్ళీ వెళ్ళాను. 50 మి.మీ. కటకం ఉన్న చిన్న దుర్భిణి అది, ఎనిమిది రెట్లు పెద్దది చేస్తుంది, ఒకేసారి అయిదారు డిగ్రీల ఆకాశం చూపిస్తుంది. చంద్రబింబం అర డిగ్రీ కాబట్టి పది చంద్రుళ్ళు వరసగా పట్టేంత జాగా. మీరాక్ ఒక అంచున పెడితే నాలుగు డిగ్రీల దూరంలోని రెండో నక్షత్రం రెండో అంచున కనిపించింది. అక్కడి నుంచి మూడోది. దాని పక్కన మసక. 25 మి.మీ. ఐపీస్‌లో సారు కన్ను పెట్టి, కాసేపయ్యాక "ఇంతేనా?" అన్నారు. ఊళ్ళో నుంచి ఇంతే సార్ అన్నాను. అది పాతిక లక్షల ఏళ్ళ కిందట బయల్దేరిన వెలుగు అని కూడా చెప్పాను కానీ, బూడిదరంగు మసకను రంగుల ఫొటోతో పోల్చుకునేవాళ్ళకు ఆ మాటతో పూర్తిగా ఊరట దొరకదు. ఇది కూడా అమ్మేటప్పుడే చెప్పాల్సింది.

ఇక ఏ 8×50 అన్నది. మా షాపులో రెండు రకాలుంటాయి. ఒకటి నిటారుది, తుపాకీ గురి చూసినట్టు ట్యూబు వెంబడి చూడాలి, బొమ్మ తలకిందులు. రెండోదానికి వెనక మోచేయిలా వంపు ఉంటుంది, లోపలి పట్టకం వల్ల బొమ్మ పటంలో ఉన్నట్టే నిటారుగా, కుడి ఎడమలు మారకుండా వస్తుంది. రేసీ అంటారు, రైట్ యాంగిల్ కరెక్ట్ ఇమేజ్ అన్నదానికి పొట్టి పేరు. దీని ధర ఎక్కువే. అయినా మన ఊరికి నేను ఇదే అంటాను, కారణం మన అక్షాంశం. తిరుపతి ఉన్నది పదమూడున్నర డిగ్రీల ఉత్తరాన. ధ్రువుడు ఎక్కడో కింద కొండ అంచున, గ్రహాలు తిరిగే దారేమో దాదాపు నడినెత్తి మీద. 2026 జనవరిలో మిథునంలో ఉన్న గురుడు అర్ధరాత్రికి నెత్తి మీదికొచ్చాడు. కృత్తిక, మన పల్లెల్లో పిల్లలకోడి అంటారే, అదీ నెత్తి మీదుగానే పోతుంది. నిటారు ఫైండర్‌తో వీటిని పట్టాలంటే నేల మీద గొంతుక్కూర్చుని మెడ వెనక్కి విరవాలి. యాభై దాటినవాళ్ళకు ఆ పని చెప్పలేను. నాకే చేత కావడం లేదు.

రేసీకీ ఒక లోపముంది. మీరు కిందికి చూస్తుంటారు, స్కోపు ఇంకెటో చూస్తుంటుంది. మొదటి నక్షత్రం మీదికి తేవడం కొత్తలో చిరాకు. అందుకే ట్యూబు మీద జాగా ఉంటే రెండూ ఉంచుకోవడమే హాయి: ఎర్రచుక్కతో మీరాక్ దాకా, అక్కడి నుంచి రేసీతో. ఒక్కటే కొనగలమంటే ఊళ్ళోవాళ్ళకు రేసీ. పల్లెల్లో, తోటల్లో, తలకోన వైపు ఉన్నవాళ్ళు మాత్రం ఏమీ మార్చుకోవద్దు, మీ ఎర్రచుక్క మీకు సరిపోయింది. ఇంకా మంచిది కావాలంటే టెల్‌రాడ్ ఉంది. ఆకాశం మీద అర డిగ్రీ, రెండు, నాలుగు డిగ్రీల ఎర్ర వలయాలు చూపిస్తుంది, పటంలో అవే వలయాలు గీసుకుంటే దారి తప్పరు. కానీ అది కూడా పెద్దది చేసి చూపదు. ఊరి మిద్దెకు అదీ దండగే.

రేసీ బిగించాక స్కోపుతో గురి కలపాలి. రాత్రి నక్షత్రంతో తంటాలు పడొద్దు, అది కదులుతూ ఉంటుంది. పగలు, ఎండ మీకు వెనకవైపు ఉన్నప్పుడు, 25 మి.మీ. ఐపీస్‌తో అలిపిరి మెట్లదారి మీది గాలిగోపురాన్ని పట్టండి. ఒక కలశం ఐపీస్ మధ్యలోకి తెచ్చి, స్కోపు కదలకుండా, ఫైండర్ పక్కనున్న రెండు మరలు తిప్పుతూ అదే కలశాన్ని అడ్డగీతల మధ్యకు తేవాలి. మూడోవైపు స్ప్రింగ్ ఉంటుంది, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. గోపురం కనిపించని ఇళ్ళవాళ్ళు దూరంగా ఏ సెల్ టవరైనా తీసుకోండి, కిలోమీటరు దాటి ఉండాలి.

బరువైన ఫైండర్ పెట్టగానే ట్యూబు ముక్కు కిందికి వాలుతుంది. నేను అమ్మని వస్తువు గురించి చెబుతున్నాను: రిపేరు షాపులో పాత స్పీకర్ అయస్కాంతం అడిగి తెచ్చి, ఇనుప ట్యూబు అడుగువైపు అతికించండి. వాలడం ఆగేదాకా ముందుకీ వెనక్కీ జరపండి. చలికాలం రాత్రుళ్ళు రేసీ కటకం మీద మంచు పడితే పంచెతో తుడవొద్దు, హెయిర్ డ్రయ్యర్ సన్నగాలితో నిమిషం చాలు.

కిట్టులో మిగతావాటి సంగతి. లేజర్ కొలిమేటర్ చవకరకం, దానికే కొలిమేషన్ (వరస) లేదు. పరీక్ష చేయండి: పలక మీద నాలుగు మేకులు కొట్టి, వాటి మధ్య లేజర్‌ను పడుకోబెట్టి, అయిదు మీటర్ల దూరంలోని గోడ మీద చుక్క వేసి, లేజర్‌ను తన చుట్టూ తాను తిప్పండి. చుక్క ఒకే చోట నిలిస్తే ఉంచుకోండి. సున్నా గీస్తే తెచ్చి నా మొహాన కొట్టండి, డబ్బు తిరిగిస్తాను. ఇకనుంచి దాని బదులు మధ్యలో సన్న కన్నమున్న మూత ఊరికే ఇస్తున్నాను, ఈ స్కోపు అద్దానికి అది బాగానే పనిచేస్తుంది. 4 మి.మీ. ఐపీస్ 300 రెట్లు చూపిస్తుందని చెప్పి అమ్మాను. స్కోపు ఫోకల్ దూరం 1200 మి.మీ.ని 4తో భాగిస్తే 300 వచ్చేమాట నిజమే, మన మిద్దెల మీది వేడిగాలిలో ఆ 300 రెట్లలో శనిగ్రహం నూనెలో బూరెలా ఆడుతుంది. 10 మి.మీ.తో 120 రెట్లకే వలయం శుభ్రంగా కనిపిస్తుంది. రంగు ఫిల్టర్లను పిల్లలకిచ్చేయండి.

ఒక్కటి మాత్రం కిట్టుకు సంబంధం లేకపోయినా చెప్పాలి. పాత చిన్న టెలిస్కోపులతో వచ్చిన, ఐపీస్‌కు బిగించే సూర్యుడి ఫిల్టర్ ఎవరి దగ్గరైనా ఉంటే పగలగొట్టి పారేయండి. వేడికి అది ఎప్పుడైనా చిట్లుతుంది, అప్పుడు మీ కన్ను అక్కడే ఉంటుంది. ఫిల్టర్ ట్యూబు ముందువైపే ఉండాలి, ఫైండర్ తీసేసి ఉండాలి.

ఈ స్కోపుకు పేరిచ్చిన జాన్ డాబ్సన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ మఠం సన్యాసిగా ఉండి, 1967లో బయటికొచ్చి, అట్టగొట్టాలతో చేసిన టెలిస్కోపులు వీధుల్లో పెట్టి దారినపోయేవాళ్ళకు ఊరికే చూపించినవాడు. ఆయన పేరున్న వస్తువుతో నేను రంగు ఫిల్టర్లు అమ్మాను, ఏం చేస్తాం.

మార్పిడి లెక్క ఇది. రేసీ 5,500 రూపాయలు. ఎర్రచుక్కకు మీరిచ్చిన 1,900 పూర్తిగా తగ్గిస్తాను, గీతలు పడినా సరే. ఎర్రచుక్క కూడా ఉంచుకుంటామంటే రేసీ మీద 950 తగ్గిస్తాను, అంతకుమించి నా వల్ల కాదు. 2026 మార్చి 19, ఉగాది దాకా గడువు. ఇప్పుడు చేతిలో 14 ఉన్నాయి. మిగతావి రావాలి, పోయిన సరుకులో సప్లయర్ వేరే రకం కాలు (ట్యూబు మీది గాడిలో దూరే భాగం) ఉన్నవి పంపితే తిప్పి పంపించాను. మంగళవారం షాపు సెలవు. ట్యూబంతా మోసుకురావద్దు, ట్యూబు మీద ఫైండర్ కాలు దూరే గాడి పక్కన స్కేలు పెట్టి, దగ్గర్నుంచి ఫొటో తీసి తీసుకొస్తే చాలు.