షాపు పెట్టే ముందు ఇది చదువు

విశాఖపట్నం

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చూశాను. బావమరిదితో కలిసి డాబాగార్డెన్స్‌లో కెమెరా షాపు పెడతానంటున్నావు, సంతోషం. కానీ 'దేశంలోకి కెమెరాల దిగుమతి పెరుగుతోందా, తగ్గుతోందా, ఒక్క ముక్కలో చెప్పరా' అన్నావు చూడు, అక్కడే వచ్చింది చిక్కు. క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో బిల్ ఆఫ్ ఎంట్రీలు, అదే కస్టమ్స్‌కిచ్చే దిగుమతి కాగితాలు, నింపుకుంటూ బతికేవాణ్ని, ఒక్క ముక్కలో చెప్పడం నా వల్ల కాదు. చెల్లెమ్మకి కూడా చదివి వినిపించు. డబ్బు తీయాల్సింది తనే కదా!

అసలు కస్టమ్స్ వాళ్ల పుస్తకంలో కెమెరాలన్నీ ఒకచోట ఉండవు. రీలు వేసే పాత కెమెరా 90వ చాప్టర్‌లో, 9006 హెడ్డింగ్ కింద ఉంటుంది. డిజిటల్ కెమెరా 85వ చాప్టర్‌లో, 8525 కింద. లెన్సు విడిగా వస్తే 9002. రీలు 37వ చాప్టర్. పైగా ఆ 8525లోనే సీసీ కెమెరాలూ ఉంటాయి, టీవీ స్టూడియో కెమెరాలూ ఉంటాయి. 9006 చూసినవాడు కెమెరాల పని అయిపోయిందంటాడు, 8525 చూసినవాడు కెమెరాలకి మహర్దశ అంటాడు. మొదటివాడు చూసింది రీలు కెమెరాల తద్దినం. రెండోవాడి లెక్కలో ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ గేట్ల మీద వేలాడేవి కూడా కలిసిపోయాయి. నువ్వు అమ్మాలనుకుంటున్న సరుకు ఈ రెండిట్లో ఎక్కడా విడిగా కనపడదు.

నీ సరుకు సంగతి తెలియాలంటే జపాన్ కెమెరా కంపెనీల సంఘం సీపా లెక్కలు చూడాలి. 2010లో ప్రపంచం మొత్తానికి 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు పంపారు. 2023కి అది 77 లక్షలకు పడిపోయింది. 2024లో కాస్త తేరుకుని 85 లక్షల దాకా వచ్చింది. ఎవరు మింగేశారో నీకు చెప్పక్కర్లేదు, ఈ ఉత్తరం కూడా దాంట్లోనే చదువుతున్నావు. పోయినవాటిలో ఎక్కువ జేబులో పట్టే చిన్న కెమెరాలే. మిగిలినవి ఖరీదైనవి. లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్‌లను అద్దం లేని మిర్రర్‌లెస్‌లు 2020లోనే సంఖ్యలో దాటేశాయి. అంచేత దిగుమతి లెక్క ఎవరు చూపించినా ముందు 'సంఖ్యా, విలువా?' అని అడుగు. పది చిన్న కెమెరాల బదులు ఒక పెద్దది వస్తే సంఖ్య పడిపోతుంది, రూపాయలు మాత్రం పెరుగుతాయి.

మనకి దిగుమతి తప్ప వేరే దారి లేదు. ఒకప్పుడు బరోడాలో అగ్ఫా క్లిక్-3 తయారయ్యేది, ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్లు ఇందు రీలు చేసేవారు. రెండూ పోయాయి. ఆ రోజుల్లో విదేశీ కెమెరా తేవాలంటే లైసెన్సు తతంగం. మనూళ్లో ఓడల మీద పనిచేసేవాళ్ల ఇళ్లలోనే యాషికాలు కనపడేవి, గుర్తుందా? పెళ్లికి పిలిస్తే మనిషికన్నా ముందు కెమెరాని పిలిచినట్టుండేది. ఇలాంటి సరుకుల మీద మిగిలిన దిగుమతి ఆంక్షలు 2001 ఏప్రిల్ 1తో పూర్తిగా పోయాయి. రీలు కాలం కూడా అప్పటికే చివరికొచ్చింది.

మొన్న జగదాంబ దగ్గర మనవాడి షాపుకెళ్లాను. అద్దాల బీరువాలో కెమెరా బాడీలు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. మిగతా అరలన్నీ ట్రైపాడ్లు, రింగ్ లైట్లు, మైకులు, మెమరీ కార్డులు, సీసీ కెమెరా డబ్బాలు. ఒక నికాన్ బాడీ తీసి బోర్లించి చూపించాడు. పేరు జపాన్‌ది, అడుగున అచ్చు 'మేడ్ ఇన్ థాయ్‌లాండ్'. 2011లో అయుత్తయలో వరదలొచ్చి నికాన్, సోనీ ఫ్యాక్టరీలు నీట మునిగితే ప్రపంచమంతటా సరుకు ఆగిపోయింది. 2016లో కుమమోటో భూకంపంతో సోనీ సెన్సార్ల ఫ్యాక్టరీ ఆగింది. అందుకే ఒక ఏడాది దిగుమతి తగ్గిందంటే జనం కొనడం మానేశారని అనుకోకు. సరుకే రాకపోయుండచ్చు.

ఇప్పుడు మా వాళ్లకి నోరూరే కథ. కెమెరా వీడియో తీస్తూ 29 నిమిషాల 59 సెకన్లకి టక్కున ఆగిపోయేది కదా, సుముహూర్తం వేళకి ఆగిపోతుందేమోనని టెన్షన్ పడి చచ్చేవాళ్లం. వేడెక్కడం ఒకటే కాదు, సుంకం గొడవ కూడా ఉంది దాని వెనక. స్టిల్ కెమెరాకి డ్యూటీ మినహాయింపు ఉండేది, వీడియో కెమెరాకి లేదు. మంచి క్వాలిటీతో ఏకధాటిగా 30 నిమిషాలు తీయగలిగితే అది వీడియో కెమెరా కింద లెక్క. యూరప్‌లోనూ ఇదే గీత. కంపెనీలు ఒక్క సెకను ముందే ఆపేశాయి. మన దేశంలో ఈ మినహాయింపు మీదే కెనాన్ ఇండియా కేసు నడిచింది. 2012లో ఢిల్లీలో దిగిన కెమెరాలకి మినహాయింపు వర్తించదని, సుంకం ఎగవేతలు పట్టే కేంద్ర సంస్థ డీఆర్ఐ నోటీసిచ్చింది. 2021 మార్చి 9న సుప్రీంకోర్టు కెమెరా సంగతి పక్కనపెట్టి, అసలా నోటీసిచ్చే అధికారమే డీఆర్ఐకి లేదంది. ఇంకేముంది, కెమెరాకీ ఫోటోకీ సంబంధం లేని వాళ్లు కూడా అదే తీర్పు పట్టుకుని తమ నోటీసులు కొట్టేయమన్నారు! 2024 నవంబర్ 7న రివ్యూలో కోర్టు ఆ మాట వెనక్కి తీసుకుంది, డీఆర్ఐకి అధికారం ఉందని తేల్చింది. మా ఆఫీసులో ఆ వారమంతా ఇదే ముచ్చట.

జీఎస్టీ మాట అడిగావు. మొదట్లో 28 శాతం, 2019 జనవరి 1 నుంచి 18.

డ్రోన్ల జోలికి మాత్రం పోకు. 2022 ఫిబ్రవరి 9న విదేశీ డ్రోన్ల దిగుమతి నిషేధించారు. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకే మినహాయింపు. విడిభాగాలు తేవచ్చు. పైగా మనది నేవీ ఊరు, నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా పక్కన ఎగరేస్తే పెళ్లికొడుకుతో పాటు నువ్వూ స్టేషన్‌లో కూర్చుంటావు.

నా ఉద్దేశంలో కెమెరా దిగుమతి తగ్గలేదు, రూపం మార్చింది. 2015 ఆగస్టులో షావొమీ మన విశాఖలోనే రెడ్‌మీ 2 ప్రైమ్ విడుదల చేసింది, శ్రీసిటీలో తయారైన ఫోన్ అది. ఫోన్లు ఇక్కడ బిగిస్తున్నారు, వాటి లోపలి కళ్లు చాలావరకు బయటినుంచే వస్తున్నాయి. 2023 బడ్జెట్‌లో ఫోన్ కెమెరా లెన్సుల మీద 2.5 శాతం డ్యూటీని సున్నా చేశారంటే ఆ సరుకు అవసరం ఎంతుందో చూడు. సీసీ కెమెరాల మీద మాత్రం పగ్గం బిగించారు. 2025 ఏప్రిల్ నుంచి భద్రతా పరీక్షలు పాసైతేనే అమ్మకం. చైనా సరుకు మీద బతికే షాపులవాళ్లకి ఇది గట్టి దెబ్బే.

కాబట్టి బాడీలు బీరువాలో పేర్చి కొనేవాడి కోసం కూర్చునే షాపయితే వద్దురా. ఆన్‌లైన్ ధరతో నువ్వు నెగ్గలేవు. అద్దెకిచ్చే షాపు పెట్టు. లెన్సులు, లైట్లు, కెమెరా ఊగకుండా పట్టే గింబల్స్. లక్షలు పోసి కొనే స్తోమత మన కుర్రాళ్లలో ఎంతమందికుంది? రుషికొండ, భీమిలి రిసార్టుల్లో పెళ్లిళ్లకి వాళ్లు అద్దెకే తెచ్చుకుంటున్నారు. మూఢంలోనూ ఆషాఢంలోనూ ఈగలు తోలుకోవాల్సిందే, ఆ నెలల అద్దె ముందే పక్కన పెట్టుకో. సెకండ్‌హ్యాండ్ బాడీలు కూడా పెట్టు, కానీ సీరియల్ నంబరు, బిల్లు రెండూ చూడనిదే కొనకు. దుబాయ్ నుంచి బ్యాగులో తెస్తానన్న మీ బావమరిది ఐడియా మాత్రం నా దగ్గర ఎత్తకు. ఆ వారంటీ ఇక్కడ చెల్లకపోతే కస్టమర్ వచ్చి నిలబడేది నీ కౌంటర్ ముందే.

ఏ లెన్సులు కొనాలనుకుంటున్నావో లిస్టు పంపు. షాపు అద్దె కూడా రాయి. పూర్ణామార్కెట్ వైపు మా ఆఫీసు కుర్రాడి మేనమామకి ఒక గది ఖాళీగా ఉందట, మెట్లెక్కాలి గానీ చవక.

నీ
రాజు