బయాప్సీ రిపోర్ట్‌లో ఆ ఒక్క లైను కూడా రాయించండి

సంపాదకుడు గారికి నమస్కారం.

అక్టోబర్ వస్తే మీ పత్రికలో రొమ్ము క్యాన్సర్ అవగాహన గురించి రోజూ ఏదో ఒకటి వేస్తారు. గడ్డ తగిలితే దాచుకోవద్దు, మామోగ్రఫీ చేయించుకోండి అని. వేయాల్సిందే. కానీ గడ్డ దొరికాక, దాన్ని ల్యాబ్‌కి పంపాక ఏం జరుగుతుందో ఎవరూ రాయరు. గడ్డలో మన ఒంటి రక్షక కణాలు ఎంత మేర చేరాయో చెప్పే ఒక అంకె చాలా రిపోర్టుల్లో ఉండదు, దాని గురించే ఈ ఉత్తరం. నేను ముప్పై ఏళ్లు హైదరాబాద్‌లో, ఒంట్లోంచి తీసిన ముక్కలను పరీక్షించే హిస్టోపాథాలజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాను. మాకు పేషెంట్ మొహం కనపడదు. డబ్బాలో ఒక ముక్క వస్తుంది, డబ్బా మీద ఒక నంబర్ ఉంటుంది, అంతే. నాలుగేళ్ల కిందట ఆ డబ్బా మా ఇంటి మనిషిదే అయింది.

మా పెద్ద వదినది సూర్యాపేట దగ్గర పల్లె. రొమ్ములో గడ్డ ఉందని ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు. చెప్పాక మా అన్న దగ్గర్లోని ఒక నర్సింగ్ హోంకి తీసుకెళ్తే, ముందు సూది బయాప్సీ చేయకుండానే గడ్డలో చేతికందిన మేర కోసి తీసేశారు. ఆ ముక్కను ప్లాస్టిక్ డబ్బాలో సెలైన్ పోసి అన్న చేతికిచ్చి, హైదరాబాద్‌లో ఏదైనా ల్యాబ్‌లో ఇవ్వమన్నారు. ఏప్రిల్ నెల ఎండ. రాత్రి ఇంట్లో ఉంచి, పొద్దున బస్సెక్కి, డబ్బాను ఒళ్లో పెట్టుకుని వచ్చాడు మా అన్న. మూత తీయగానే నాకు అర్థమైపోయింది. ముక్క మెత్తబడి, రంగు మారి ఉంది. ఒంట్లోంచి తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో (ముక్క చెడిపోకుండా నిలిపే ద్రావణం) పడాలి, అది కూడా ముక్కకు పది రెట్లు ఉండాలి. సెలైన్‌లో ముక్క కుళ్లిపోతుంది తప్ప నిలవదు. కణాలు చెడిపోయాయి, హార్మోన్ పరీక్షల ఫలితం నమ్మలేం అని పాథాలజిస్ట్, అంటే ముక్కను పరీక్షించే డాక్టర్, రాశారు. లోపల మిగిలిన గడ్డ నుంచి మళ్లీ సూదితో ముక్క తీయాల్సి వచ్చింది. ఆమెకు ఇంకోసారి నొప్పి, మాకు పదిహేను రోజుల టెన్షన్.

రెండో రిపోర్ట్ వచ్చింది. ట్రిపుల్ నెగటివ్. అంటే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లను అందుకునే గ్రాహకాలు రెండూ లేవు, హెర్-2 అనే ప్రోటీన్ కూడా ఎక్కువగా లేదు. హార్మోన్ మాత్రలు పనిచేయవు, హెర్-2 మందులు పనిచేయవు. పాశ్చాత్య దేశాల్లో రొమ్ము క్యాన్సర్లలో ఇది 10 నుంచి 15 శాతం ఉంటే, మన దేశంలో జరిగిన చాలా పరిశీలనల్లో 30 శాతం దాకా కనిపించింది. మన ఆడవాళ్లకు ఇది అరుదైన జబ్బేం కాదని చెప్పడానికే ఈ లెక్క.

వదిన ఆ కాగితం నా ముందు పెట్టి, "గీ కాయితంల ఏమున్నదో తెలుగుల చెప్పు పిల్లా. అంతా లేదు, లేదు అనే ఉన్నదంటున్నరు. ఉన్నదేదన్న ఉంటే గది చెప్పు" అంది.

ఆ మాట నన్ను కుదిపేసింది. ఎందుకంటే ఉన్నది నేను స్లైడ్‌లో చూశాను. రిపోర్ట్‌లో మాత్రం దాని ఊసే లేదు.

స్లైడ్ అంటే ఏమిటో చెప్పాలి. ముక్కను మైనంలో దిమ్మగా పోసి, మైక్రోటోమ్ మీద ఉల్లిపొర కంటే పల్చగా కోస్తాం. ఆ పొర గోరువెచ్చని నీళ్ల మీద తేలుతుంటే అద్దం పలక మీదికి ఎత్తి, నీలం, గులాబీ రంగులు పట్టిస్తాం. మైక్రోస్కోప్ కింద క్యాన్సర్ కణాలు పెద్దగా, వంకరటింకరగా గుంపులు కట్టి ఉంటాయి. వాటి మధ్య సందుల్లో కొన్ని స్లైడ్లలో గులాబీ రంగు నార తప్ప ఏమీ ఉండదు. కొన్నింట్లో మాత్రం ఆవాలు చల్లినట్టు చిన్న చిన్న గుండ్రటి ముదురు నీలం చుక్కలు కిక్కిరిసి ఉంటాయి. అవే లింఫోసైట్లు, మన ఒంటి రక్షక కణాలు. గడ్డలోకి చొరబడి కూర్చున్న ఈ కణాలను డాక్టర్లు టిల్స్ అంటారు.

అవి ఎక్కువగా ఉన్న గడ్డ చూడటానికి భయంకరంగా ఉన్నా, పేషెంట్ బాగుంటుందని మా ల్యాబ్‌లో పాత ప్రొఫెసర్లు ఎప్పటి నుంచో అనేవారు. ఈ కణాలు కిక్కిరిసి ఉండే మెడుల్లరీ అనే రకం గడ్డల్లో అది వాళ్ల కళ్లముందే కనిపించేది. ఇప్పుడది అనుభవం మీద చెప్పే మాట కాదు. లెక్కపెట్టే పద్ధతి మీద అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి 2014లోనే నియమాలు ఇచ్చింది. గడ్డ హద్దుల లోపల, క్యాన్సర్ గుంపుల మధ్య ఉన్న సందుల్లో ఎంత జాగాను ఈ కణాలు ఆక్రమించాయో శాతంలో రాయాలి. బాగా కిక్కిరిసిన ఒక్క చోటు చూసి రాయకూడదు, మొత్తం మీద సగటు తీయాలి. చచ్చిపడిన భాగాన్ని వదిలేయాలి. నేర్చుకోవడానికి నమూనా ఫోటోలతో సహా పాఠాలు ఇంటర్నెట్‌లో ఉచితంగానే ఉన్నాయి. ట్రిపుల్ నెగటివ్ కేసుల్లో ఈ శాతాన్ని మామూలుగానే నమోదు చేయాలని 2019లో రొమ్ము క్యాన్సర్ చికిత్స మీద జరిగే సెయింట్ గాలెన్ సదస్సు నిపుణులు చెప్పారు.

2024 ఏప్రిల్‌లో జామా వైద్య పత్రికలో ఒక పెద్ద పరిశీలన వచ్చింది. తొలి దశ ట్రిపుల్ నెగటివ్ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి, రేడియేషన్ తీసుకున్నా తీసుకోకపోయినా, కీమో మాత్రం తీసుకోని 1966 మంది కేసులను అందులో చూశారు. ఒకటో స్టేజీలో టిల్స్ 50 శాతం లేదా అంతకు మించి ఉన్నవాళ్లలో ఐదేళ్ల పాటు క్యాన్సర్ దూరపు అవయవాలకు పాకకుండా బతికి ఉన్నవారు 94 శాతం. 30 శాతం కంటే తక్కువ ఉన్నవాళ్లలో 78 శాతం. ఒకే జబ్బు, ఒకే స్టేజీ, అయినా ఇంత తేడా. ఇంత చెప్పగల విషయం ఆ రంగు పట్టించిన స్లైడ్‌లోనే ఉంది. కొత్త కెమికల్ అక్కర్లేదు, కొత్త మిషన్ అక్కర్లేదు. పాథాలజిస్ట్ ఎలాగూ ఆ స్లైడ్ చూస్తారు, ఇంకో రెండు మూడు నిమిషాలు చూసి ఒక అంకె రాయాలి.

అయితే ఎవరైనా ఈ ఉత్తరం చదివి, టిల్స్ ఎక్కువున్నాయి కదా, కీమో మానేద్దాం అనుకుంటే అది ఘోరమైన పొరపాటు. ఆ అంకెను చూసి కీమో తగ్గించవచ్చా అన్నది ఇంకా పరిశోధనలో ఉన్న విషయం. ఈ రోజుకి ఆ అంకె రాబోయే రోజుల గురించి ఒక అంచనా మాత్రమే, చికిత్స ఆపమనే ఆర్డర్ కాదు. అన్ని రకాల రొమ్ము క్యాన్సర్లకూ ఇది ఒకేలా వర్తించదు. ట్రిపుల్ నెగటివ్‌లో, హెర్-2 పాజిటివ్‌లో టిల్స్ ఎక్కువుంటే మంచి సూచన. హార్మోన్ పాజిటివ్ రకంలో అలా చెప్పలేం, 2018లో జర్మనీ పరిశోధకులు ప్రచురించిన 3771 మంది లెక్కల్లో ఆ రకంలో టిల్స్ ఎక్కువున్నవాళ్లే తక్కువ కాలం బతికినట్టు కనిపించింది. రక్షక కణాలన్నీ మనవైపు నిలబడేవీ కావు. గడ్డను చంపే టీ కణాలున్నట్టే, వాటిని అదుపు చేసి గడ్డకు మేలు చేసేవీ ఉన్నాయి. మాక్రోఫేజ్‌లనే ఇంకో రకం రక్షక కణాల్లో కొన్ని గడ్డ పక్షం చేరిపోతాయి. ఇదంతా పేషెంట్‌కు ఓపిగ్గా చెప్పాల్సింది డాక్టరే.

ఒక అంకె రాస్తే, అది తక్కువగా ఉంటే ఆడవాళ్లు బెంబేలెత్తిపోతారు, రాయకపోవడమే మంచిదని మా పాత సహోద్యోగి ఒకరు నాతో వాదించారు. ఆయన మనసు మంచిదే, మాటతో మాత్రం నేను ఒప్పుకోను. దూకుడు రకమని చెప్పే గ్రేడ్ 3 అని రాస్తున్నాం, కణాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో చెప్పే కి-67 ఎనభై శాతం అని రాస్తున్నాం. భయపెట్టేవన్నీ రాసి, ధైర్యం ఇవ్వగలిగిన ఒక్కటి మాత్రం ఎందుకు దాచాలి? నేను బతిమాలితే మా పాథాలజిస్ట్ మేడమ్ వదిన స్లైడ్ మళ్లీ చూసి, కింద పెన్నుతో 40 శాతం అని రాశారు. క్యాన్సర్ డాక్టర్ గారు అది చూసి, "మీ ఒళ్లు ఊరికే కూర్చోలేదమ్మా, కొట్లాడుతోంది. కీమో మాత్రం పూర్తిగా తీసుకోవాలి" అన్నారు. రెండో కీమో తర్వాత జుట్టు రాలినప్పుడు, నోరు పుండ్లై మంచినీళ్లు కూడా మింగలేనప్పుడు, వదిన ఆ మాటే పట్టుకుని మిగతావి పూర్తి చేసింది. ఆమె ఈ రోజు బాగుండటానికి ఆ అంకె కారణం అని నేను అనను. కీమో, ఆపరేషన్, ఆమె ఓర్పు కారణం.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, పంజాగుట్టలోని నిమ్స్ మొదలుపెడితే మిగతా ల్యాబ్‌లు వాటంతటవే అనుసరిస్తాయి. ఆరోగ్యశ్రీలో క్యాన్సర్ చికిత్స అనుమతికి బయాప్సీ రిపోర్ట్ ఎలాగూ జత చేస్తారు. ట్రిపుల్ నెగటివ్, హెర్-2 పాజిటివ్ కేసుల్లో టిల్స్ శాతం ఉండాలని ఆ ఫారంలో ఒక గడి పెడితే చాలు. 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచిన ప్రభుత్వానికి ఖర్చు లేని ఈ పని భారం కాదు. పాథాలజిస్టుల మీద పని ఎంత ఉందో నాకు తెలుసు, సాయంత్రం ఆరు దాటినా ట్రేల నిండా స్లైడ్లు మిగిలి ఉండటం చూసినదాన్ని. అందుకే అందరికీ అనడం లేదు, ఈ రెండు రకాలకే అంటున్నాను.

దానికంటే ముందు జిల్లాల్లో గడ్డలు కోసే ప్రతి చోటా ఫార్మలిన్ డబ్బాలు ఉండాలి. అది లేకపోతే ఏ అంకె రాసినా తప్పే. డబ్బా మీద ముక్క తీసిన టైమ్, ఫార్మలిన్‌లో వేసిన టైమ్ రాయాలి. పేషెంట్ల ఇంటివాళ్లు కూడా మొహమాటపడకుండా, "ఇది ఫార్మలినేనా?" అని అడగాలి. మైనం బ్లాకులు, స్లైడ్లు ఎక్కడున్నాయో తెలుసుకోవాలి. రెండో డాక్టర్‌కి చూపించాలంటే అవే ఆధారం. వదిన తన బ్లాకుల్ని గాజుల డబ్బాలో పెట్టి, మైనం కరగకుండా చల్లటి మూల దాచుకుంది.

వచ్చే అక్టోబర్‌లో మీరు వేసే పేజీలో, గడ్డ తగిలితే ఎక్కడికి వెళ్లాలో చెప్పే చోటనే, ముక్క తీశాక దాన్ని ఎందులో వేయాలో, రిపోర్ట్‌లో ఏమేం చూసుకోవాలో కూడా వేయమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్, హైదరాబాద్