వార్షిక నివేదిక 2024–25: ఎవరి అన్నం వారే వండుకునేలా

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మానసిక ఎదుగుదల లోపం, ఆటిజం వంటి వైకల్యాలున్న పిల్లల తల్లిదండ్రులుగా మనం నడుపుకుంటున్న ఈ సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక నేరుగా విషయానికి వస్తాను. గత సర్వసభ్య సమావేశంలో "మా తదనంతరం వీడికి అన్నం ఎవరు పెడతారు" అని ఒకరి తర్వాత ఒకరు లేచి అడిగిన మాట మీకు గుర్తుండే ఉంటుంది. ఇరవై దాటిన మన పిల్లలకు (పిల్లలనే అంటున్నాం గాని, వారిలో ఒకరికి నలభై నిండాయి) తమ వంట తామే చేసుకోవడం నేర్పాలని ఆనాడే తీర్మానించి, ఈ సంవత్సరం ప్రధానంగా ఆ పనే చేశాం. ఇలాంటి వైకల్యాలున్నవారి సంక్షేమం కోసం వచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 కింద సంరక్షకుల నియామకానికి అర్జీలు రాసిపెట్టాం, ఆ ట్రస్ట్ వారి 'నిరామయ' ఆరోగ్య బీమాను రెన్యువల్ చేయించాం. అవి తప్పనిసరి పనులే, కాని ఆ కాగితాలేవీ పొద్దున్నే ఉప్మా చేసి పెట్టవు.

ఉప్మా మనకు ఒక్క పని. మన ఆదివారం వంట తరగతిలో విడదీసి రాస్తే అది పద్దెనిమిది పనులైంది. ఒక్కో పనికి ఒక ఫొటో తీసి అట్టకు అంటించి, వరుసగా గోడకు తగిలించాం. నేర్పడం మాత్రం చివరి మెట్టు నుంచి మొదలుపెట్టాం. మొదటి వారాల్లో తల్లి అంతా చేస్తుంది, పిల్లవాడు స్టవ్ ఆపి మూత పెడతాడు. అది వచ్చాక దానికి ముందున్న రవ్వ పోసి కలిపే పని కూడా అతనిదే అవుతుంది. ఈ పద్ధతిలో ప్రతిసారీ వంట అతని చేతి మీదుగానే ముగుస్తుంది కనుక, "నేనే చేశాను" అనే మాట మొదటి రోజు నుంచే వినబడింది.

ఎసట్లో వేలు పెట్టి కణుపు లెక్కన నీళ్లు చూసే కొలత వారికి పట్టలేదు. గ్లాసుకు ఎర్ర టేపు అంటించి, ఒకటి బియ్యం, రెండు నీళ్లు అని నేర్పాం. కుక్కర్ కూతలు లెక్కపెట్టలేని వారి ముందు పళ్లెంలో మూడు చింతగింజలు ఉంచి, కూత వచ్చినప్పుడల్లా ఒకటి పక్కకు జరిపించాం. గింజలు అయిపోతే స్విచ్ ఆపాలి. ఆటిజం ఉన్న ఒక అబ్బాయి కూత వినగానే గేటు దాటి పరుగెత్తినందువల్ల అతనికి కరెంటు రైస్ కుక్కర్ ఇచ్చాం. మంట ఉండదని, గిన్నె తీస్తే దానంతటదే ఆగిపోతుందని ఇండక్షన్ స్టవ్‌లు కొన్నాం. అల్యూమినియం గిన్నెలు వాటి మీద పనిచేయవన్న సంగతి మాత్రం కొన్న తర్వాతే తెలిసింది; ఆ పొరపాటు నాదే. మూర్ఛ వచ్చేవారి చేత వేపుళ్లు చేయించలేదు, గంజి వార్పించలేదు. ఒకమ్మాయి వేళ్లు కాలినప్పుడు తల్లి టూత్‌పేస్టు కోసం పరుగెత్తగా, నర్సుగా పనిచేసిన మన సభ్యురాలు ఆ చేతిని ఇరవై నిమిషాలు కుళాయి ధార కిందే ఉంచారు. మచ్చ కూడా మిగలలేదు.

నిజానికి శిక్షణ ఎక్కువగా కావలసి వచ్చింది తల్లులకు. బిడ్డ తడబడగానే గరిటె లాక్కోవడం వారికి ముప్పై ఏళ్ల అలవాటు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలని నియమం పెట్టాం. ఒకావిడ చేతులు ఆగక రెండు చేతులతో స్టీలు గ్లాసు పట్టుకుని నిలబడేవారు. ఆమె కొడుకు ఉప్పు వేయడం మరచిపోతే ఎవరూ గుర్తుచేయకుండా ఆ చప్పిడి ఉప్మానే అందరం తిన్నాం. మరుసటి ఆదివారం అతను రవ్వ పోయకముందే ఎసరు చెంచాతో తీసి, ఊది, రుచి చూశాడు. ఆ తల్లి అప్పుడు గ్లాసు కింద పెట్టారు.

ఈ సంవత్సరం మనం గర్వంగా చెప్పుకోవలసింది కార్తిక వనభోజనం. ఏటా కేటరింగ్ వారికి చెప్పేవాళ్లం, ఈసారి ఉసిరి చెట్టు కింద మన పిల్లలే చింతపండు పులిహోర, టమాటా పప్పు, పెరుగన్నం, దోసకాయ పచ్చడి వండి వడ్డించారు. పులిహోర పోపు డౌన్ సిండ్రోమ్ ఉన్న అమ్మాయి వేసింది. ఆమెకు గడియారం చూడటం రాదు, కాని ఆవాలు చిటపటలాడి సద్దుమణిగే క్షణం చెవితో పట్టుకుని సరిగ్గా అప్పుడే కరివేపాకు వేస్తుంది. పులుపు కాస్త ఎక్కువైందన్న సభ్యులు కూడా రెండోసారి వడ్డించుకున్నారు.

వంటగది ఇచ్చిన కల్యాణ మండపం యజమానికి, బియ్యం, పప్పులు పంపిన కిరాణా వర్తకులకు, ప్రతి వారం వచ్చి నేర్పిన విశ్రాంత ప్రత్యేక ఉపాధ్యాయినికి, ఫొటో అట్టలు ఉచితంగా ముద్రించిన స్టూడియో వారికి, ఏప్రన్లు కుట్టిన సభ్యురాలికి, పిల్లలను ఇళ్ల నుంచి తెచ్చి దింపిన ఆటో సోదరుడికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

వార్డులోని సామాజిక భవనం వంటగదిని ఆదివారాలు వాడుకోనివ్వాలని సంబంధిత కార్యాలయానికి మూడుసార్లు అర్జీ ఇచ్చాం. మొదటిసారి ఫైలు వేరే సెక్షన్లో ఉందన్నారు, రెండోసారి అధికారి బదిలీ అయ్యారన్నారు, మూడోసారి "ఈ పిల్లలతో పొయ్యి వెలిగిస్తారా" అని అడిగారు. అందరితో సమానంగా సమాజంలో జీవించే హక్కును చెప్పే దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 5వ సెక్షన్ ప్రతిని జతచేసి మళ్లీ రాశాం. జవాబు ఇంకా రాలేదు. ఇక మన ఇంటి సంగతి. వాట్సాప్ గ్రూపులో ఫొటోలకు చప్పట్లు కొట్టేవారు ఎందరో ఉన్నారు గాని, ఆదివారం కూరగాయలు కడగడానికి వచ్చింది ఎప్పుడూ ఆ నలుగురే. తండ్రులైతే పిల్లలను గేటు దగ్గర దింపి వెళ్లిపోతున్నారు. వారికీ వంట రాదని మాకు తెలుసు, వారూ నేర్చుకోవచ్చు.

ఆడిటరు సంతకం చేసిన జమాఖర్చుల పట్టిక చివరి పేజీలో ఉంది, దయచేసి ఆమోదించగలరు.

రాబోయే సంవత్సరం చపాతీ, చారు, బజారుకు వెళ్లి కూరగాయలు కొనడం నేర్పాలని కార్యవర్గం నిర్ణయించింది. పేర్లు ఈ రోజే ఇవ్వగలరు. వనభోజనం నాడు పొరపాటున మీ సంచుల్లో వచ్చిన సంఘం పోపు డబ్బా, రెండు గరిటెలు వచ్చే ఆదివారంలోగా తిరిగి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
కార్యదర్శి