చెట్టెక్కే కూలీ నిర్మాణ కార్మికుడా, కాదా? కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైనవాణ్ని. ఏటా వానలు మొదలవకముందే లైన్ల కింద కొమ్మలు కొట్టించడం మా పనుల్లో ఒకటి. ఆ కొమ్మలు కొట్టే మనుషుల గురించే మీకు రాస్తున్నాను. నిర్మాణ కార్మికుల భద్రతా చట్టం వాళ్లకు వర్తిస్తుందో లేదో మీ శాఖ తేల్చి చెప్పాలి.

1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం ఇళ్లు కట్టేవాళ్ల కోసమే రాసింది కాదు. రోడ్లు, రైల్వేలు, కాలువలు, కరెంటు సరఫరా, పంపిణీ, వీటి నిర్మాణంతో పాటు మరమ్మతు, నిర్వహణ, కూల్చివేత కూడా అందులో ఉండేవి. దాని స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ అనే కొత్త చట్టంలోనూ నిర్వచనం దాదాపు అదే. చెట్లు కొట్టడం అనే మాట మాత్రం రెండింటి నిర్వచనాల్లోనూ లేదు.

అందుకని ఎవరికి తోచినట్టు వాళ్లు చెబుతున్నారు. అపార్ట్‌మెంట్ కోసం స్థలం చదును చేస్తూ చెట్టు కొడితే నిర్మాణ పనే అంటారు. 11 కేవీ లైన్‌కు తగులుతున్న కొమ్మలు కొడితే అది లైన్ నిర్వహణలో భాగమని నేనంటాను, కాంట్రాక్టర్ కాదంటాడు. గాలివానకు ఎవరింటి మీదో ఒరిగిన చెట్టును తీస్తే ఇక ఎవరికీ పట్టదు. ఈ మూడు చోట్లా ఎక్కేది అదే మనిషి, అదే తాడుతో.

ఆ పనిలో ప్రమాదం కింద నిలబడి చూసేవాళ్లకు అర్థం కాదు. చెట్టు చుట్టూ పరంజా కట్టలేం. మనిషి దేని మీద నిలబడ్డాడో దాన్నే కోస్తుంటాడు. బరువుతో కిందికి వంగి ఉన్న కొమ్మను ముందు అడుగున గాటు పెట్టకుండా పైనుంచి కోస్తే సగంలో చీలిపోతుంది, చీలిన మొదలు ఛాతీకి తన్నుతుంది. గుల్‌మొహర్ పైకి పచ్చగా కనిపిస్తూనే లోపల పుచ్చి ఉండవచ్చు. పెట్రోల్ రంపాన్ని రెండు చేతులతో పట్టాలి, కానీ మనవాళ్లు ఒక చేత్తో కొమ్మ పట్టుకుని ఇంకో చేత్తో రంపం నడుపుతారు, ఎందుకంటే బెల్టు ఉండదు. నడుముకు కట్టుకున్న నైలాన్ తాడుకు రంపం తగిలితే ఆ తాడూ తెగుతుంది.

ఇక కరెంటు సంగతి. ఎల్‌సీ, అంటే లైన్‌లో కరెంటు ఆపించి తీసుకునే లైన్ క్లియర్ అనుమతి, ఒక్కటే చాలదు. పని చేసే చోటుకు రెండు వైపులా లైన్‌ను ఎర్త్ చేయాలి, అంటే భూమికి కలపాలి, లేకపోతే ఎవరింట్లోనో జనరేటర్ నుంచి కరెంటు వెనక్కి రావచ్చు. మాకు ఇవన్నీ ట్రైనింగ్‌లో నేర్పారు. కూలీకి మాత్రం "కరెంటు తీసేశాం, ఎక్కు" అని ఒక్క మాట చెబుతారు.

నాకు బాగా తెలిసిన ఒకతను అలాంటి పనిలోనే కొమ్మతో పాటు పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. కాంట్రాక్టర్ తన మనిషి కాదన్నాడు. సాయం కోసం అతని భార్యతో కలిసి ఒక ఆఫీసుకు వెళ్తే, ఇది తోటపని, నిర్మాణం కాదు, నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు కూడా లేదు కదా అన్నారు. ఆమెకు ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఇప్పటికీ కోపంగానే ఉంది.

చెట్టెక్కేవాళ్లను మన ప్రభుత్వం పట్టించుకోలేదని నేను అనను. 2024 జులైలో అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో గీత కార్మికులకు కాటమయ్య రక్ష కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. చాలా మంచి పని. తాటిచెట్టు ఎక్కేవాడికి బెల్టు కావాలని ఒప్పుకున్న ప్రభుత్వం, వేపచెట్టు ఎక్కి రంపం పట్టేవాడికి అక్కర్లేదని అనలేదు కదా! వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. ఆ అనుమతి ఇచ్చే ముందు ఎక్కే మనిషికి బెల్టు, హెల్మెట్ ఉన్నాయా అని కూడా అడిగితే బాగుంటుంది.

బ్రిటన్‌లోనూ మామూలు చెట్ల పని 2015 నిర్మాణ నిబంధనల కిందికి రాదు. కానీ అక్కడ ఎత్తులో చేసే ఏ పనికైనా 2005 నుంచి వేరే నిబంధనలున్నాయి, కాబట్టి చెట్టెక్కేవాడు ఏదో ఒక చట్టం నీడలో ఉంటాడు. మనకు అలాంటి రెండో చట్టం లేదు. అందుకే ఈ నిర్వచనం మీదే ఇంతగా పట్టుబడుతున్నాను.

దారి చట్టంలోనే ఉంది. నోటిఫికేషన్ ద్వారా "ఇతర పనుల"ను చేర్చే అధికారాన్ని ఆ నిర్వచనమే ప్రభుత్వానికి ఇచ్చింది. రోడ్లు, కరెంటు లైన్లు, భవనాల దగ్గర చెట్లు కొట్టడం, కొమ్మలు కత్తిరించడం నిర్మాణ పనేనని ఒక నోటిఫికేషన్ ఇవ్వండి. అది ఒక్కటే చాలదు. ఈ చట్టం పది మంది, అంతకు మించి పనిచేసే చోటే వర్తిస్తుంది, చెట్లు కొట్టే ముఠాలో నలుగురైదుగురే ఉంటారు. కాబట్టి పని అప్పగించిన మున్సిపాలిటీ, విద్యుత్ సంస్థ లెక్కలోనే వాళ్లను కలపాలి. సంక్షేమ బోర్డు కార్డుకు ఏడాదిలో 90 రోజుల పని చూపాలి, వీళ్లకు పనంతా ఎండాకాలం చివర్లోనే. ఒక్కో కాంట్రాక్టర్ దగ్గర చేసిన రోజులన్నీ కలిపి లెక్కవేయడానికి వీలుండాలి. బెల్టు, హెల్మెట్ ఖర్చు టెండర్‌లో విడిగా చూపించాలి, లేకపోతే తక్కువ రేటు వేసినవాడు ముందు కోత పెట్టేది వాటికే.

వచ్చే వానాకాలానికి ముందు కొమ్మల టెండర్లు పిలిచేలోపే ఈ ఉత్తర్వు రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లైన్ ఇన్‌స్పెక్టర్