ఒక్క బెల్టు కథ

అరే యాదగిరీ,

ఉత్తరం ఆలస్యమైంది, తిట్టుకో, పడతా. అమ్మ మోకాళ్ల నొప్పులు అట్లనే ఉన్నాయి. చిన్నోడు పాలిటెక్నిక్‌లో చేరాడు. కోతలు మొదలయ్యాయి. అంతే సంగతులు. ముందు నా డీసీఎం కథ విను, అదే నా చిన్న లారీ, ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపుబ్బి పోయేట్టున్నా.

మొన్న రాత్రి వడ్ల లోడుతో నల్లగొండ నుంచి మిర్యాలగూడ పోతున్నా. తిప్పర్తి దాటానో లేదో, మీటర్ బోర్డు మీద ఎర్రగా బ్యాటరీ లైటు. ఆ వెంటనే మలుపులో స్టీరింగ్ బిగుసుకుంది! రెండు చేతులతో వేలాడితే గానీ తిరగదు. చూస్తే టెంపరేచర్ ముల్లు కూడా పైకి పాకుతోంది. ఇక లాభం లేదని పక్కకు తీసి ఆపేశా.

తెల్లారాక ఒక మెకానిక్ స్టీరింగ్ బాక్సు దించాలన్నాడు. ఇంకొకడు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ పోయిందన్నాడు. ఇద్దరి రేట్లూ కలిపితే మీ మామ దగ్గరికి అప్పుకు పోవాల్సిందే. నాకు ఒళ్లు మండింది. ఇద్దరిలో ఒక్కడూ ఇంజిన్ బెల్టు వైపు చూడలేదురా!

చివరికి ఒక ముసలి మేస్త్రీ దొరికాడు. బండిని ముట్టుకోకుండానే అడిగాడు, "తమ్మీ, లైటు ముందొచ్చిందా, స్టీరింగ్ ముందు బిగిసిందా?"

"దాదాపు ఒకేసారి కాకా. ముల్లు కూడా లేచింది."

"అయితే రోగం ఒక్కటే" అని క్యాబిన్ ఎత్తించాడు. ఈ బండిలో ఆల్టర్నేటర్, పవర్ స్టీరింగ్ పంపు, వాటర్ పంపు మూడూ ఒకే బెల్టు మీద తిరుగుతాయి. స్టీరింగ్ పంపు హోసు చెమర్చి, ఆయిల్ చుక్కచుక్కగా ఆ బెల్టు మీదే పడుతోంది. బెల్టు లోపలి వైపు అద్దంలా నున్నగా మెరుస్తోంది. పంపుల లోడు పడ్డప్పుడల్లా జారుతోందన్నమాట. ఛార్జింగ్ లేదు, స్టీరింగ్‌కు ప్రెషర్ లేదు, ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు సరిగా తిరగవు. ఇంజిన్ నడుస్తుంటే కూడా మీటరు పెడితే బ్యాటరీ దగ్గర 12.1 వోల్టులే. హోసు మార్చి, పుల్లీలు తుడిచి, కొత్త బెల్టు బిగించాక 14 దాటింది. లైటు పోయింది, స్టీరింగ్ వేలితో తిరుగుతోంది.

నేను ఎగిరి గంతేయబోతుంటే ఆయన ఆపాడు. "రోడ్డు మీద బండి అటూ ఇటూ పోతోందా?" పోతోంది, నిజమే. అది వేరే రోగమట. ఇంజిన్ ఆపి నన్ను స్టీరింగ్ కొంచెం కొంచెం ఆడించమన్నాడు, తను కింద పడుకుని జాయింట్ల మీద చెయ్యి పెట్టాడు. డ్రాగ్ లింక్, అదే స్టీరింగ్ బాక్సు నుంచి చక్రం వైపు పోయే రాడ్డు, దాని చివర బాల్ జాయింట్ దగ్గర టక్కుమంది. నన్నూ కిందికి పిలిచి చెయ్యి పెట్టించాడు. చక్రం కదలకముందే జాయింట్ లోపల గుండు ఆడుతోంది! అది కూడా మార్చాం.

స్టీరింగ్ బిగుసుకోకుండా, ముల్లు లేవకుండా బ్యాటరీ లైటు ఒక్కటే వస్తే మెల్లగానైనా పోవచ్చు గానీ, ఆయిల్ ప్రెషర్ లైటు వస్తే అక్కడికక్కడే ఇంజిన్ ఆపమన్నాడు, లేదంటే ఇంజిన్ లోపలి బేరింగులు పోతాయట.

హారన్ సంగతి చెప్పాలి, అది ఇంకా పెద్ద కథ, నవ్వి చస్తావు. అరె, మిల్లువాళ్లు కాటా మీదికి రమ్మంటున్నారు. ఉంటా.

నీ
శీను