ఓడ ఎక్కింది తాత ఒక్కడే కాదు

కడపలో ఉన్న మా ఇంటిల్లిపాది తరఫున ఈ మాటలు రాస్తున్నాను. మా జేజినాయనకు తాత అయిన ఆయన ధాత కరువులో (1876-78 నాటి పెద్ద కరువు) ఓడెక్కి పోయినాడని, చాన్నాళ్లకు తిరిగొచ్చినాడని మాత్రమే మాకు తెలుసు. ఏ దేశం పోయినాడో చెప్పగలిగినవాళ్లు ఇంట్లో ఎవరూ మిగల్లేదు. ఇప్పుడు తెలిసింది, నేటాలుకని. అది ఇప్పటి దక్షిణాఫ్రికాలో ఉంది, అప్పట్లో ఇంగ్లీషువాళ్ల వలస రాజ్యం. దారి చూపిన ముగ్గురికీ చేతులెత్తి మొక్కుతున్నాను.

మొదట అనంతపురం సారుకు. మా సొంతూరు కదిరి దగ్గర. నేటాలుకు పోయిన ఓడల జాబితాల్లో అనంతపురం జిల్లా కింద వెతికితే మా ఊరు ఎక్కడా తగల్లేదు. సారు వినగానే, "కదిరి తాలూకా 1910 దాకా కడప జిల్లాలోనిది కదా నాయనా. అనంతపురం జిల్లా పుట్టిందే 1882లో, బళ్లారి నుంచి విడదీసి. అంతకు ముందు కాగితాల్లో అది ఎట్లా ఉంటుంది?" అన్నారు. ఇప్పుడేమో కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఊరు కదల్లేదు, జిల్లాలే మారినాయి. ఆ మాటతోనే తలుపు తెరుచుకుంది.

చెన్నైలో చదువుకుంటున్న తమ్ముడు ఒకరు ఆ పాత గొలుసుకట్టు ఇంగ్లీషు రాతను ఓపిగ్గా చదివి పెట్టినాడు. తెలుగు పేర్లను ఆ గుమాస్తాలు చెవికి తోచినట్టు రాసుకున్నారు. ఊరి పేరు, తండ్రి పేరు పక్కపక్కన పెట్టి చూసి, ఈయనే అని తేల్చింది ఆ అబ్బాయే.

దక్షిణాఫ్రికాలో డర్బన్ నగరంలో ఉండే అక్కకు ఏమని చెప్పుకోవాలో నాకు తెలియడం లేదు. ఆమె ముత్తాతలు కూడా మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్లే. నేటాలులో దిగిన ప్రతి కూలికీ ఒక నంబరు ఇచ్చేవాళ్లు. 1860లో మొదలై 1911లో వలస ఆగేసరికి ఆ లెక్క 1,52,184 దాకా పోయింది. పేరు ఎన్ని రకాలుగా రాసినా నంబరు మారదు కాబట్టి, దాన్ని పట్టుకుంటే మిగతా కాగితాలన్నీ దొరుకుతాయని ఆమే నేర్పింది. తాత నంబరు పంపితే, "తమ్ముడూ, కింది వరస చూసినావా?" అని అడిగింది.

కింది వరసలో, ఆ తరువాతి నంబరుతో మా అవ్వ ఉంది. భార్య అని రాసి ఉంది. అదే ఊరు, అదే ఓడ, 1878. ఆమె ఓడెక్కిన సంగతి మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. కరువు కథల్లో తాత ఒక్కడే పోయినాడు. ఆమె పేరు కూడా మాకు ఆ కాగితంలోనే తెలిసింది.

అంతటితో ఆగకుండా అక్క తిరిగొచ్చిన ఓడల జాబితా కూడా వెతికింది. అయిదేళ్ల కూలి ఒప్పందం తీరినాక మరో అయిదేళ్లు అక్కడే ఉంటే, మొత్తం పదేళ్లకు తిరుగు ప్రయాణం ఖర్చు లేకుండా దొరికేది. వీళ్లు ఆ పదేళ్లూ ఉండి 1889లో మద్రాసులో దిగినారు. ఈసారి ముగ్గురు. ఆరేళ్ల పిల్లోడు, నేటాలులో పుట్టినవాడు. ఆయనే మా జేజినాయనకు తండ్రి! ఇది చదివి వినిపిస్తే మా నాయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత ఆ కాగితాన్ని తెలుగులో రాసి ఇమ్మన్నాడు.

వాళ్లు ఎందుకు పోయినారో ఊహించడం కష్టం కాదు. 1877లో బ్రిటిష్ సర్కారు పంపిన రిచర్డ్ టెంపుల్ దొర కరువు పనుల్లో కూలి తగ్గించి, రోజుకు ఒక పౌను గింజలకు సరిపడే డబ్బు, పైన ఒక అణా చేసినాడు. పౌనంటే అర కిలో కూడా కాదు. మట్టి మోసే మనిషి దాంతో ఎట్లా బతుకుతాడు? నేటాలులో మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు, తిండి వేరే. అక్కడి బతుకూ సులువు కాదని తెలుసు. అయినా ఆ లెక్క చూస్తే వాళ్లిద్దరి మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

ఏ తోటలో పనిచేసినారో ఇంకా తేలాల్సి ఉంది. అక్క వెతుకుతూనే ఉంది. సారూ, తమ్ముడూ, అక్కా, మీ ముగ్గురి రుణం మా ఇంటి మీద ఉంది.

మీ పెద్దవాళ్లు కూడా అట్లా పోయినారని విని ఉంటే, జిల్లా పేరును ఆ కాలం లెక్కతో చూడండి. మదనపల్లె వాళ్లయినా 1911కు ముందు కడప జిల్లా కిందే వెతకాలి. ఆడవాళ్ల వరసలు వదలొద్దు. చదవడం కష్టమైతే నాకు పంపండి, కూర్చొని చదివి పెడతాను.