బల్బు ఆపేసిన పెద్దమ్మకు

రాత్రంతా కంటిమీద కునుకు లేదు. పడుకుని లేస్తే సగం మర్చిపోతానని ఇప్పుడే రాసేస్తున్నా.

నిన్న డిసెంబరు 13, జెమినిడ్ ఉల్కలు బాగా రాలే రాత్రి. చంద్రుడు అర్ధరాత్రి దాటితే గానీ రాడు. హైదరాబాద్ ఆకాశంలో ఏం కనపడుతుంది? మా పాపకు మాటిచ్చి నల్లమల వైపు బయల్దేరాం. దారిలో పంక్చర్. మన్ననూరు చెక్‌పోస్టు చేరేసరికి 9:20. అక్కడ రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు వదలరు. అమ్రాబాద్ పులుల అడవి కదా, ఆ రూలు న్యాయమే. నా బాధ వేరే. అడవిలో వద్దు సరే, మరెక్కడ చాప వేసుకోవచ్చని వారం ముందే మూడు ఆఫీసులకు ఫోన్ చేశా. ఒకాయన కాటేజీ తీసుకోమన్నాడు. దాని చుట్టూ తెల్లార్లూ లైట్లే! మహారాష్ట్రలోని పెంచ్ కూడా పులుల అడవే, దానికి 2024లో డార్క్ స్కై పార్క్ (లైట్ల వెలుగు పడకుండా చీకటి ఆకాశాన్ని కాపాడే చోటు) గుర్తింపు వచ్చింది. మన దగ్గర కనీసం అడిగితే చెప్పే మనిషి లేడు.

పాప ఏడుపు మొదలుపెట్టింది. వెనక్కి వస్తుంటే హాజీపూర్ వైపు రోడ్డు పక్కన చాయ్ హోటల్ కట్టేస్తూ ఒక పెద్దమ్మ కనిపించింది. సంగతి చెప్తే, "చుక్కలు చూసుడానికి గింత దూరం వచ్చిండ్రా బిడ్డా!" అని నవ్వి, వెనక తన చెల్కలోకి తీసుకెళ్లింది. పత్తి ఏరేసిన చేను. గొంగడి పరిచింది.

ఇంటి ముందు బల్బు మా కళ్లలోకే కొడుతోంది. చీకటికి కళ్లు అలవాటు పడాలంటే అరగంట పడుతుంది, ఒక్క వెలుగు పడితే మళ్లీ మొదటికే. అడగడానికి మొహమాటపడి ఊరుకున్నా. ఆమే గమనించి, లేచి వెళ్లి ఆపేసింది. తెల్లారేదాకా వెయ్యలేదు. నీళ్లకు లేచినప్పుడు గోడ తడుముకుంటూ నడవడం నా చెవులతో విన్నా. అక్కడే నాకు ఏడుపొచ్చేసింది.

మా పక్కనే కూర్చుని పాపకు పిల్లలకోడిని, గొర్రుకొయ్యలను చూపించింది. నేను కృత్తిక, ఒరాయన్ అని చదువుకున్నవే. మిథునంలో వెలిగిపోతున్న గురుడిని మాత్రం నేను చూపించా. పాప 43 ఉల్కలు లెక్కపెట్టి నిద్రపోయింది. పొద్దున డబ్బులిస్తే, "చాయ్‌లకు నలభై. పండుకున్నదానికి పైసలేంది?" అంది.



అయ్యో, మర్చిపోయా: చెక్‌పోస్టు దగ్గర విసుక్కోకుండా "వెనక్కి పోయి ఊళ్లో అడగండి సార్" అన్న గార్డుకు, చీకట్లో ఫోన్ లైటుతో పంక్చర్ వేసిన కుర్రాడికి, చీకటికి అలవాటైన కళ్లు చెదరకుండా టార్చికి ఎర్ర కాగితం చుట్టిచ్చిన మా కింది ఫ్లోర్ ఫిజిక్స్ సార్‌కు కూడా థాంక్స్.

ఇప్పుడే డిక్కీ తీసి చూస్తే పెద్దమ్మ గొంగడి మాతోనే వచ్చేసింది. చలికాలం. వచ్చే ఆదివారం దాకా ఆగకుండా రేపే ఇచ్చి రావాలి.